పాత టీ చెక్క: రేపర్ మీద వయసు, గ్లాసులో వయసు

పైన వీడియోలో మూడు గ్లాసుల్లో మూడు రంగుల టీ చూశారు కదా. ఒకటి లేత పసుపు, ఒకటి నారింజ కలిసిన ఎరుపు, మూడోది కాఫీ డికాక్షన్ లాంటి నలుపు. మూడూ ఒకే రకం ఆకు. మూడూ చైనాలోని యున్నాన్ రాష్ట్రం నుంచి వచ్చినవే. పాలు లేవు, చక్కెర లేదు, రంగు కలపలేదు. ఆకుని ఎలా ఆరబెట్టారు, ఎలా మాగవేశారు, ఎన్నేళ్లు ఎక్కడ దాచారు అన్న దాంట్లోనే తేడా అంతా ఉంది.

వీడియో చిన్నది కాబట్టి చాలా సంగతులు వదిలేయాల్సి వచ్చింది. ఈ టీ గురించి నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే: "ఇది కొని దాచుకుంటే బంగారంలా ధర పెరుగుతుందట, నిజమేనా?" దానికి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

పాతబడితే విలువ పెరగడం మనకి కొత్త సంగతేం కాదు. ఏడాది దాటిన సోనామసూరికి ఎక్కువ రేటు ఇస్తాం. అన్నం పొడిపొడిగా వస్తుంది, కడుపుకి తేలిక. కొత్త బియ్యానికి ఆవిరి పట్టి, పాత బియ్యంలా ఉడికేలా చేయడం కూడా మన మిల్లుల్లో మామూలే. స్టీమ్ బియ్యం అని చెప్పి అమ్మితే అది వ్యాపారం. పాత బియ్యం అని చెప్పి అమ్మితే మోసం. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకోండి, పు-ఎర్ టీ మార్కెట్ సగం అర్థమైనట్టే.

చెట్టు నుంచి చెక్క దాకా

పు-ఎర్ అనేది ఊరి పేరు. పాతకాలంలో కొండల మీది టీ అంతా అక్కడికి చేరి, గుర్రాల మీద, కంచర గాడిదల మీద టిబెట్ వైపూ బీజింగ్ వైపూ వెళ్లేది. సంత జరిగిన ఊరి పేరే సరుకుకి వచ్చింది, మన గుంటూరు మిర్చి లాగా. 2008లో చైనా ప్రభుత్వం దీనికి జాతీయ ప్రమాణం పెట్టింది. యున్నాన్‌లో నిర్ణయించిన 75 కౌంటీల్లో పండిన పెద్దాకు రకం తేయాకుని, ఎండలో ఆరబెట్టి, అక్కడే తయారు చేస్తేనే ఆ పేరు పెట్టుకోవాలి. మన జీఐ ట్యాగ్ లాంటిదన్నమాట. ఆ పెద్దాకు రకం మనకి కొత్తది కాదు, అస్సాం టీ కూడా అదే అస్సామికా రకం.

కోసిన ఆకుని కొన్ని గంటలు వాడబెడతారు. తర్వాత కట్టెల పొయ్యి మీద పెద్ద ఇనప మూకుడులో చేత్తో తిప్పుతూ వేయిస్తారు. గ్రీన్ టీకైతే ఆకులోని ఎంజైములు పూర్తిగా చచ్చేదాకా వేడి పెట్టి, వేడిగాలితోనో మూకుడులోనో ఆరబెడతారు. పు-ఎర్‌కి అంత వేడి పెట్టరు. నలిపి, వెదురు చాపల మీద పరిచి, ఎండకి ఆరబోస్తారు. విత్తనం వడ్లని డ్రయ్యర్‌లో పెద్ద వేడికి పెడితే మొలక పోతుందని మనకి తెలుసు కదా, ఇక్కడా అలాంటి జాగ్రత్తే. ఆకులో కొంచెం జీవం మిగలాలి. ఆ మిగిలినదే తర్వాత పదేళ్లు, ఇరవై ఏళ్లు నెమ్మదిగా పనిచేస్తుంది.

ఎండిన ఆకుని మావోచా అంటారు. దాన్ని ఆవిరి పట్టి, గుడ్డ సంచిలో వేసి, రాతి దిమ్మ కింద ఒత్తుతారు. పళ్లెం సైజులో గుండ్రటి చెక్క వస్తుంది. మన వేపచెక్క, వేరుశనగ చెక్క లాంటి ఆకారమే కాబట్టి నేను చెక్క అనే అంటున్నా. ఒక్కో చెక్క 357 గ్రాములు. ఆ లెక్కేంటి అని చాలామంది అడుగుతారు. ఏడు చెక్కలు పేర్చి వెదురు పొరలో కట్టగా చుడతారు. 357ని 7తో గుణించండి, 2,499 గ్రాములు, అంటే రెండున్నర కిలోలు. అలాంటివి 12 కట్టలైతే 30 కిలోల బుట్ట. జంతువు వీపు మీద అటొకటి ఇటొకటి.

ఇలా చేసి వదిలేసింది పచ్చి పు-ఎర్. చైనా భాషలో షెంగ్. కొత్తగా ఉన్నప్పుడు చేదు, వగరు, గడ్డి వాసన. వీడియోలో లేత పసుపు గ్లాసు అదే. ఏళ్లు గడిచేకొద్దీ ఆకులోని కాటెకిన్లు తగ్గుతాయి, రంగు ముదురుతుంది, వగరు మెత్తబడుతుంది.

కంపోస్టు తెలిసినవాడికి ఇది తెలిసినట్టే

మూడో గ్లాసు, అదే నల్లది, మాగవేసిన పు-ఎర్. షౌ అంటారు. పచ్చి టీ పాతబడేదాకా ఇరవై ఏళ్లు ఎవరు ఆగుతారు? అందుకని 1973లో కున్మింగ్ టీ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి తయారు చేశారు. మావోచాని టన్నుల లెక్కన సిమెంటు గచ్చు మీద మీటరు దాకా ఎత్తున గుట్ట పోస్తారు. నీళ్లు చల్లుతారు. గోనెతోనో గుడ్డతోనో కప్పుతారు. రెండు మూడు రోజుల్లో గుట్ట లోపల వేడి పుడుతుంది. 50, 60 డిగ్రీల దాకా పోతుంది. థర్మామీటరు గుచ్చి చూసి, వేడి హద్దు దాటకుండా గుట్టని తిరగేస్తారు. ఇలా నెలన్నర, రెండు నెలలు.

చదువుతుంటే మీకు నవ్వొచ్చి ఉంటుంది. మన కంపోస్టు గుట్టే కదా! నిజమే, తేడా ఒక్కటే. మనం ఆకు రూపం పోయి మట్టి వాసన వచ్చేదాకా ఆగుతాం. వాళ్లు సగంలో ఆపేస్తారు. డిప్లొమాలో కంపోస్టు గురించి చదువుకున్న పాఠం నాకు ఇక్కడ బాగా పనికొచ్చింది. గుట్ట మధ్యలో వేడి ఎక్కువైతే ఆకు మాడి బొగ్గులా అవుతుంది, ఇక ఎన్నిసార్లు వేడినీళ్లు పోసినా విప్పుకోదు. తేమ ఎక్కువై గాలి ఆడకపోతే పుల్లటి వాసన పట్టుకుంటుంది. ఆస్పర్జిల్లస్ నైజర్ లాంటి శిలీంధ్రాలూ, ఈస్టులూ కలిసి చేసే పని ఇది. ఏ జీవి ముందు లేవాలి, ఏది తర్వాత లేవాలి అనేది నీళ్లు, గాలి, వేడి చేతుల్లో ఉంటుంది. గుట్ట దగ్గర అనుభవం ఉన్న మేస్త్రీకి అక్కడ చాలా గౌరవం ఉంటుందంటే అందుకే.

మాగవేసిన టీ మంచి టీ. చవకగా దొరుకుతుంది, కడుపుకి మెత్తగా ఉంటుంది, రోజూ తాగొచ్చు. దాన్ని నేను తక్కువ చేయను. గొడవ ఎక్కడ వస్తుందంటే, దీన్నే సగం మాగవేసి "30 ఏళ్ల పచ్చి టీ" అని అమ్మినప్పుడు. మళ్లీ మన స్టీమ్ బియ్యం కథే.

ఆవుల్నీ డబ్బునీ కాదని చెట్లిచ్చిన తాత

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకి అసలు ఆసక్తి కలిగించేది చెట్ల సంగతి. జింగ్మాయ్ అనే కొండ ఉంది, పు-ఎర్ నగర పరిధిలోనే. అక్కడి బ్లాంగ్, దాయ్ తెగల వాళ్లు వందల ఏళ్ల నుంచి అడవిని నరక్కుండా, పెద్ద చెట్ల నీడలోనే తేయాకు పెంచుతున్నారు. పైన పెద్ద మాను, మధ్యలో టీ చెట్టు, కింద గడ్డీ మూలికలూ. మనం ఐదంచెల పద్ధతి అని కొత్తగా నేర్చుకుంటున్నది అక్కడ తాతముత్తాతల నాటి అలవాటు. రాలిన ఆకే ఎరువు. పురుగుల్ని సాలీళ్లూ పిట్టలూ చూసుకుంటాయి. 2023 సెప్టెంబరులో యునెస్కో ఆ తేయాకు అడవుల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బ్లాంగ్ వాళ్లు ఒక కథ చెప్పుకుంటారు. వాళ్ల మూలపురుషుడు పా ఐలెంగ్ చనిపోయే ముందు, పిల్లలకి ఏం వదిలి వెళ్లాలా అని ఆలోచించాడట. పశువులిస్తే రోగం వచ్చి చస్తాయి, బంగారం వెండి ఇస్తే ఖర్చయిపోతాయి, టీ చెట్లిస్తే తరతరాలు తింటారు అని చెట్లే ఇచ్చి వెళ్లాడట. కథే కావచ్చు. కానీ ఆ చెట్ల మీద ఈ రోజుకీ వాళ్ల మనవలు నిచ్చెనలేసుకుని ఆకు కోస్తున్నారు.

ఇంకోవైపు మెట్ల తోటలు ఉన్నాయి. 1970ల తర్వాత కొండల్ని మెట్లుగా చెక్కి, నడుమెత్తు టీ మొక్కలు దగ్గరదగ్గరగా పెట్టి, ఎరువులు, మందులు వాడి పెంచినవి. దిగుబడి బాగా ఎక్కువ. పాత చెట్టు ఆకుకీ, మెట్ల తోట ఆకుకీ ధరలో తేడా కొన్ని ఊళ్లలో పదింతలు దాటుతుంది. లావో బాన్‌జాంగ్ అని ఒక హానీ తెగ ఊరుంది. దాని టీకి పేరు ఎంత పెరిగిందంటే, కోత రోజుల్లో బయటి ఆకు ఊళ్లోకి రాకుండా ఊరివాళ్లే గేటు దగ్గర బళ్లు తనిఖీ చేస్తారు. బయటి ఆకుని లోపలికి తెచ్చి, లోపలి ఆకుగా బయటికి పంపేవాళ్లు ఉంటారని వాళ్లకి తెలుసు. మన దగ్గర ప్రకృతి వ్యవసాయ ఉత్పత్తుల పేరుతో మార్కెట్ యార్డు సరుకు సంచి మార్చుకుని వస్తోంది కదా, మనం ఇంకా అలాంటి గేటు పెట్టుకోలేదు.

"వెయ్యేళ్ల చెట్టు ఆకు" అని రేపర్ మీద రాసి ఉంటే మాత్రం నేను నమ్మను. కాండం లావు బట్టి చెప్పేది అంచనాయే. పైగా పెద్ద చెట్టు ఒక్కదాని ఆకు విడిగా కోసి, విడిగా వేయించి, విడిగా ఒత్తడం అరుదు. "పాత చెట్టు" అనే మాట వరకు ఒప్పుకోవచ్చు. వయసు అంకె వేశారంటే అది అమ్మకం కోసమే.

వయసుకి ధర ఎలా వచ్చింది

హాంకాంగ్ టీ దుకాణాల్లో ఈ టీని ఒకప్పుడు భోజనంతో పాటు ఊరికే పోసేవారు. అక్కడ పో-లే అంటారు. చవక టీ. కొత్తది చేదుగా ఉంటుందని గోదాముల్లో, నేలమాళిగల్లో కొన్నేళ్లు పడేసి వాడేవారు. పాతబడటం అక్కడ వ్యాపారం కాదు, అవసరం. 1990లలో తైవాన్ వాళ్లు ఆ పాత సరుకు రుచి మరిగి, దుకాణాలు ఖాళీ చేసినప్పుడల్లా కొనుక్కున్నారు. 1995లో తైవాన్‌లో డెంగ్ షిహై రాసిన పుస్తకం పాత చెక్కలకి పేర్లూ వంశాలూ కట్టి చూపించింది. అప్పటి నుంచి ఇది తాగే వస్తువు నుంచి దాచే వస్తువైంది. 20వ శతాబ్దం మొదట్లో యీవూ ఊరి ప్రైవేటు దుకాణాలు చేసిన సోంగ్ పిన్ హావో, ఫు యువాన్ చాంగ్ లాంటి కట్టలు ఈ మధ్య వేలంపాటల్లో మన లెక్కలో కోట్ల రూపాయలు పలికాయి.

కోట్లు చూడగానే అందరూ పరిగెత్తారు. 2007 మొదట్లో ధరలు ఆకాశంలో ఉన్నాయి. సిమావో అనే నగరం ఆ ఏడాదే తన పేరు పు-ఎర్‌గా మార్చుకుంది కూడా. అదే ఏడాది ధర కుప్పకూలింది. కొని దాచిన చిన్న వ్యాపారులు మునిగారు. ధర చూసి ఉన్న పంట తీసేసి టీ పెట్టిన రైతులకి ఆకు కొనేవాడు లేకుండా పోయాడు. టమాటా, మిర్చి, వనిల్లా చూసిన మనకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

7542 అంటే 1975 కాదు

మన ఛానల్ చూసే ఒక తమ్ముడు, మిర్చి రైతు కొడుకు, ఫోటోలు పంపాడు. "అన్నా, 1975 టీ అంట. నంబరు కూడా ఉంది చూడు, 7542. చెక్క 85 వేలు. అడ్వాన్సు 20 వేలు ఇచ్చేశా. నాన్న ఇంకో రెండు తీసుకుందామంటున్నాడు" అని. నాన్నగారు మిర్చి డబ్బులతో తీసుకుందామని.

ముందు ఆ నంబరు సంగతి చూద్దాం. ఫ్యాక్టరీల చెక్కల మీద ఉండే నాలుగంకెలు తయారైన సంవత్సరం కాదు. మొదటి రెండు అంకెలు ఆ మిశ్రమం ఏ ఏడాది రూపొందిందో చెప్తాయి. మూడోది ఆకు గ్రేడు. నాలుగోది ఫ్యాక్టరీ: 1 కున్మింగ్, 2 మెంగ్‌హాయ్, 3 షియాగ్వాన్. అంటే 7542 అనేది 1975 నాటి మిశ్రమంతో మెంగ్‌హాయ్ ఫ్యాక్టరీ చేసిన టీ. నిరుడు చేసినదాని మీద కూడా 7542 అనే ఉంటుంది. 8582 అయినా, 7581 అయినా ఇదే లెక్క. మన బీపీటీ 5204 అంటే 5204వ సంవత్సరం కాదు కదా, రకం నంబరు. ఇదీ అంతే.

రెండోది, ఆ రేపర్ మీద నీలం రంగులో క్యూఎస్ అనే గుర్తు ఉంది. చైనాలో ఆ ఆహార భద్రత గుర్తు 2000 దాటాకే వచ్చింది. 2015 తర్వాత దాని స్థానంలో ఎస్‌సీతో మొదలయ్యే లైసెన్సు నంబరు వచ్చింది. 1975లో చుట్టిన కాగితం మీద ఆ గుర్తు ఎలా వస్తుంది? ఇలాంటి కాలం కుదరని గుర్తులు పట్టుకోవడం మొదటి పని. దాయి అనే బ్రాండు ట్రేడ్‌మార్కు 1989లో రిజిస్టరైంది, కాబట్టి దాయి ముద్రతో 70ల చెక్క ఉండదు. గుట్ట పద్ధతి 1973లో వచ్చింది, కాబట్టి 60ల నాటి మాగవేసిన టీ ఉండదు. పాత రేపర్ల మీద అసలు తయారీ తేదీయే వేసేవారు కాదు. 1980 అని తేదీ చక్కగా అచ్చేసి ఉంటే అది నమ్మకం పెంచే విషయం కాదు, అనుమానం పెంచేది.

తమ్ముడు ఆ మాటే అడిగితే, అమ్మేవాడు "పాత కాగితం చిరిగింది, కొత్తది చుట్టాం" అన్నాడట. అప్పుడు చూడాల్సింది లోపలి చీటీ. చెక్క ఒత్తేటప్పుడే ఆకుల మధ్య చిన్న కాగితం ముక్క పెడతారు, నేయ్‌ఫెయ్ అంటారు. అది ఆకుతో పాటు ఒత్తుకుని, అంచుల మీద ఆకులు అతుక్కుని, టీ రసం మరక పట్టి ఉండాలి. చీటీ పైపైన ఉండి, చుట్టూ ఆకు రేగి ఉంటే, తర్వాత అతికించారని అర్థం. ఫోటో దగ్గరగా తీసి పంపమంటే ఆ మనిషి పంపలేదు. తమ్ముడు మిగతా డబ్బు కట్టలేదు. నాన్నగారి రెండు చెక్కలూ ఆగిపోయాయి. అడ్వాన్సు 20 వేలు మాత్రం ఇది రాసే రోజుకి తిరిగి రాలేదు.

కాగితం, చీటీ, వెదురు కట్ట, అన్నీ దొంగవి చేస్తారు. పాత కాగితం మీద అచ్చేసేవాళ్లున్నారు. పురుగు తిన్న బొక్కలు కూడా చేస్తారట. కాబట్టి కాగితంతో "ఇది అబద్ధం" అని తేల్చొచ్చు గానీ, "ఇది నిజం" అని తేల్చలేం. నిజం తేలాలంటే ఇది ఎవరి దగ్గర, ఏ ఊళ్లో, ఎలాంటి గదిలో, ఎప్పటి నుంచి ఉంది అన్న వరుస దొరకాలి. 88 చింగ్ అనే పేరున్న 7542 సరుకుకి అంత విలువ రావడానికి కారణం ఇదే. 1988 నుంచి 1992 మధ్య చెక్కలు హాంకాంగ్‌లో పొడి గోదాములో ఉన్నాయన్న చరిత్ర దానితో పాటు నడిచింది.

ఇంకో మాట. దిగుమతి చేసుకున్న టీని మన దేశంలో అమ్మాలంటే దిగుమతిదారు పేరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉండాలి. అది కూడా లేని చెక్కకి వేలు పోయడమెందుకు?

గ్లాసులో వయసు

వడ్ల తేమ మీటరులా గుచ్చి చూసి టీ వయసు చెప్పే యంత్రం లేదు. నాలుక, ముక్కు, కళ్లే.

వీడియోలో చూపించినట్టు, చెక్కని సుత్తితో కొట్టకండి. అంచు నుంచి సన్నని సూది కత్తి పొరల మధ్య దూర్చి, రేకులుగా లేపండి. పైమొహం నుంచి కాదు, లోపలి నుంచి తీయండి. పైన అందమైన ఆకు పరచడం మామూలే. లోపల కొంచెం ముతక ఆకు ఉన్నంత మాత్రాన మోసం కాదు, 7542 లాంటి వాటిలో ఆ పొరలు కావాలనే పెడతారు. లోపల ఆకు రంగే వేరు, వాసనే వేరు అయితే మాత్రం ఆలోచించాలి.

100 మిల్లీలీటర్ల చిన్న మూత గిన్నెకి 6 గ్రాములు చాలు. చైనా గిన్నె లేకపోతే మూత ఉన్న పింగాణీ కప్పు చాలు. స్టీలు గ్లాసు వద్దు, చెయ్యి కాలుతుంది. కళపెళ మరిగే నీళ్లు పోసి వెంటనే పారబోయండి, అది కడుగు. తర్వాత పది సెకన్లు ఉంచి వంచండి. మళ్లీ పది, పదిహేను, ఇరవై... అలా పది, పన్నెండు సార్లు పోయొచ్చు. మన టీ లాగా ఒక్కసారి మరిగిస్తే కథ తెలియదు.

ముందు రంగు. పదేళ్లు దాటిన పచ్చి టీ నారింజ బంగారు రంగుకి వస్తుంది, ఇరవై ముప్పై ఏళ్లకి ఎరుపు కలిసిన గోధుమ రంగు. రంగు కంటే ముఖ్యం తేట. పాత టీ ఎంత ముదురు రంగైనా గ్లాసు అడుగు కనపడాలి. ఊరికే తడి గదిలో పెట్టి తొందరగా ముసలిదాన్ని చేసిన టీ నల్లగా ఉంటుంది గానీ మసకగా ఉంటుంది.

తర్వాత వాసన. పాత చెక్క బీరువా, ఎండు ఖర్జూరం, పాత చింతపండు, కొన్నిట్లో పచ్చకర్పూరం. హాంకాంగ్ పద్ధతిలో తేమ గోదాములో పెట్టిన మంచి టీకి కూడా మొదటి రెండు నీళ్లలో నేలమాళిగ వాసన వస్తుంది, మూడో నీటికి సర్దుకుంటుంది. ఐదో నీళ్లకి కూడా తడి గోనె సంచి వాసన పోకపోతే, గొంతులో గీరుకుంటే, ఆపేయండి. చెక్క మీద పసుపు, నలుపు, ఆకుపచ్చ బూజు నూగులా కనిపిస్తే రుచి చూసే పనే పెట్టుకోవద్దు. వేరుశనగకి ఏం జాగ్రత్త పడతామో ఇక్కడా అదే.

ఇక రుచి. ఇక్కడ తెలుగువాళ్లకి ఒక సౌకర్యం ఉంది. చేదు వేరు, వగరు వేరు అని చిన్నప్పటి నుంచి మన నాలుకకి తెలుసు. కాకరకాయ చేదు, పచ్చి అరటికాయ వగరు. మంచి పచ్చి టీలో చేదు వచ్చి తొందరగా వెళ్లిపోతుంది, వగరు నోరు పట్టేయదు. వెళ్లాక ఏం మిగులుతుందనేదే అసలు పరీక్ష. ఉసిరికాయ నమిలి నీళ్లు తాగితే తియ్యగా తగులుతుంది కదా, ఆ తీపి. వాళ్లు హుయిగాన్ అంటారు, అంటే తిరిగొచ్చే తీపి. మాగవేసిన టీలో ఇది తక్కువ, మొదటి నుంచీ ఒకటే మెత్తదనం, అన్నం గంజిలా. ఎవరైనా పాత పచ్చి టీ అని ఇచ్చినదాంట్లో చేదు లేదు, వగరు లేదు, తిరిగొచ్చే తీపీ లేదు, నునుపు ఒక్కటే ఉంది అంటే మాగవేసినది కలిసి ఉంటుందని నేను అనుమానిస్తా.

చివర్లో గిన్నెలో మిగిలిన ఆకుని పళ్లెంలో పోసి చూడండి. నాకైతే అన్నిటికంటే నమ్మకమైన సాక్షి ఇదే, రైతు కదా, ఆకు చూస్తే కొంత తెలుస్తుంది. నెమ్మదిగా పాతబడిన పచ్చి ఆకు గోధుమ రంగులో, వేళ్ల మధ్య లాగితే సాగుతూ, ఈనెలు కనపడేలా విప్పుకుంటుంది. గుట్టలో మాగినది ముదురు గోధుమగా, మెత్తగా ఉండి నలిపితే గుజ్జవుతుంది. మాడినది నల్లగా ముడుచుకునే ఉంటుంది. ఒకే పిడికెట్లో ఆకుపచ్చ, గోధుమ, నలుపు మూడూ కనిపిస్తే మూడు వయసుల ఆకులు కలిపారన్నమాట.

ఇంత దూరం ఎందుకు, మన దేశంలో లేదా అంటే, ఉంది. అస్సాం, అరుణాచల్‌లో సింగ్‌ఫో తెగ వాళ్లు ఫలాప్ అనే టీ చేస్తారు. ఇదే అస్సామికా ఆకుని వేయించి, ఎండబెట్టి, వెదురు గొట్టంలో కూరి, పొయ్యి పైన పొగకి పెడతారు. ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లాండ్ వ్యాపారికి అస్సాంలో టీ చెట్లున్నాయని తెలిసింది సింగ్‌ఫో నాయకుడు బెస్సా గామ్ ద్వారానే. నాలుక అలవాటు చేసుకోవాలనుకునేవాళ్లు 85 వేల చెక్కతో మొదలుపెట్టకుండా ఒక ఫలాప్ గొట్టం, ఒక చవక మాగవేసిన చెక్క, ఒక కొత్త పచ్చి చెక్క తెచ్చుకుంటే చాలు. ఈ మూడూ పక్కపక్కన తాగితే, నెల రోజుల్లో నేను రాసిన దానికంటే ఎక్కువ తెలుస్తుంది. కొనేటప్పుడు పూర్తి చెక్క కాకుండా 10, 20 గ్రాముల శాంపిల్ అడగండి. శాంపిల్ ఇవ్వని పాత టీ నేను కొనను.

మన ఇళ్లలో దాచడం

బంగారంలా పెరుగుతుందా అన్న ప్రశ్నకి వస్తున్నా. మన దగ్గర దాచిన టీకి వయసు పెరుగుతుంది గానీ, ఆ వయసుకి డబ్బిచ్చేవాడు మన ఊళ్లో లేడు. అమ్మాలంటే హాంకాంగ్‌కో గువాంగ్‌జౌకో తీసుకెళ్లాలి, అక్కడ వాళ్లు మన గది చరిత్ర నమ్మాలి. పెట్టుబడి అనుకుని పొలం డబ్బులు పెట్టకండి. తాగడానికి రెండు చెక్కలు దాచుకోవాలంటే తప్పకుండా దాచుకోండి.

20 నుంచి 30 డిగ్రీల వేడి, 60 నుంచి 70 శాతం గాలి తేమ బాగా సరిపోతాయి. హైదరాబాద్, అనంతపురం వైపు వేసవిలో గాలి పొడిగా ఉండి టీ నిద్రపోతుంది, పాడవదు. విశాఖ, కాకినాడ వైపు వర్షాకాలంలో తేమ 80 దాటితే బూజు భయం. 300, 400 రూపాయల తేమ మీటరు గదిలో పెట్టుకుంటే ఊహాగానాలు అక్కర్లేదు. రేపర్ తీయకుండా అట్టపెట్టెలో గానీ, బాగా ఆరిన మట్టికుండలో గానీ పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో బిగించొద్దు, ఫ్రిజ్ వద్దు, ఎండ తగలొద్దు. అన్నిటికంటే ముఖ్యం వాసనలు. టీ ఆకు పక్కవాడి వాసన పట్టేసుకుంటుంది. వంటింట్లో పోపు, దేవుడి గదిలో అగరుబత్తి, స్టోర్ రూములో వేపనూనె, ఎండుమిర్చి, వీటికి దూరంగా ఉండాలి. జీవామృతం డ్రమ్ము ఉన్న షెడ్డులో పెడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

పెట్టె మీద కొన్న తేదీ, కొన్న చోటు, ఆ రోజు తూకం రాయండి. చెక్క తూకం వానాకాలంలో కొన్ని గ్రాములు పెరిగి, చలికాలంలో తగ్గడం మామూలే. పెరిగి తగ్గకుండా ఉంటే గది మార్చాలి. మా దగ్గరున్న నాలుగు చెక్కల్లో రెండు ఇంట్లో అట్టపెట్టెలో, రెండు కుండలో పెట్టాను. వానలు అయ్యాక నాలుగూ తూకం వేసి, రెండు రకాలూ పక్కపక్కన కాచి వచ్చే వీడియోలో చూపిస్తా. కోస్తా వైపు ఎవరైనా పు-ఎర్ దాచి ఉంటే మీ గది తేమ ఎంతుందో నెలనెలా రాసి పెట్టండి, అప్పుడు పోల్చి చూద్దాం.